లెక్కల్లో 11 మార్కులు

(స్వర్ణోత్సవ సభలో 1998–99 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థిని, ప్రస్తుతం స్టాఫ్ నర్సు, చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి మాట్లాడమన్నప్పుడు రాంగ్ నంబరేమో అనుకున్నాను. మా బ్యాచ్‌లో ఇంజనీర్లున్నారు, బ్యాంకు మేనేజరున్నాడు, అమెరికాలో ఉన్నవాళ్ళున్నారు. వాళ్ళ పేర్లు చెప్పి, "వాళ్ళని అడగండి సార్" అన్నాను. "వాళ్ళు ఎట్లాగూ మాట్లాడతారమ్మా. పదో తరగతి తప్పినదానివి నర్సింగు డిగ్రీ ఎట్లా చేశావో అది చెప్పు" అన్నారు. పదో తరగతి తప్పినందుకు నన్ను ఎవరైనా పిలిచి మైకు ఇవ్వడం ఇదే మొదలు.

ఈ అరుగు మీదికి నేను ఎక్కడం మాత్రం ఇది రెండోసారి. మొదటిసారి 1998 డిసెంబరులో ఎక్కాను. అర్ధ సంవత్సర పరీక్షల పేపర్లు దిద్ది ఇచ్చారు. ప్రార్థన అయ్యాక, లెక్కల్లో 25 కన్నా తక్కువ వచ్చినవాళ్ళని పైకి రమ్మన్నారు. ఏడుగురం ఎక్కాం. ఎవరి పేపరు వాళ్ళు గుండెల మీద పెట్టుకుని, మార్కులు అందరికీ కనబడేట్టు పట్టుకుని నిలబడాలి. నా పేపరు మీద ఎర్ర సిరాతో 11 అని ఉంది. పిలిచింది ఎవరో నేను చెప్పను. ఆ రోజుల్లో అదొక పద్ధతి, పిల్లలకు పౌరుషం వస్తుందని. మాలో ఇద్దరికి నిజంగానే వచ్చింది, మార్చిలో పాసయ్యారు. నాకు పౌరుషం రాలేదు. ఇక మీద దొరక్కూడదన్న తెలివి వచ్చింది.

దొరక్కుండా ఉండే విద్యలో నేను ఫస్టు క్లాసు. మాస్టారు బోర్డు మీద లెక్క వేస్తుంటే తల ఊపాలి, కానీ మరీ ఎక్కువ ఊపకూడదు. "అర్థమైందా?" అంటే అందరితో కలిసి "అర్థమైందండీ" అనాలి. మొదటి వరసలో కూర్చుంటే దొరుకుతాం, చివరి వరసలో కూర్చున్నా దొరుకుతాం, మూడో వరసలో గోడవైపు కూర్చోవాలి. నోటు పుస్తకం మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో నింపాలి. పక్క పిల్లను చూసి రాసిన లెక్కలైనా గీతలు కొట్టి నీటుగా రాస్తే ఎవరూ ఏమీ అడగరు. ఇక్కడున్న పిల్లలు నవ్వుతున్నారు. గోడవైపు ఎవరు కూర్చుంటారో నాకు తెలుసమ్మా.

అయితే ఇంట్లో నాకు లెక్క తప్పేది కాదు. మా నాన్న గుంటమగ్గం మీద చీరలు నేసేవాడు. అమ్మా నేనూ రాట్నం మీద కండెలు చుట్టేవాళ్ళం. ఎన్ని కండెలు చుడితే ఎంత పేక సరిపోతుందో, ఏ రంగు ఎక్కడ ఆపాలో చూపుతోనే చెప్పేదాన్ని. అదీ లెక్కేనని అప్పట్లో నాకెవరూ చెప్పలేదు. నాకూ తట్టలేదు.

1999 మార్చిలో పదో తరగతి తప్పాను. లెక్కల్లో 19, ఇంగ్లీషులో 31. హిందీలో 20 వస్తే పాసు కాబట్టి అందులో గట్టెక్కాను. సైన్సులో మాత్రం 58 వచ్చాయి. దానికి కారణం అదిగో, వేదిక మీద ఎడమవైపు రెండో కుర్చీలో కూర్చున్న మా సైన్సు టీచరుగారు. గుండె బొమ్మ నా చేత బోర్డు మీద వేయించేవారు. "ఈ అమ్మాయి గీస్తే రక్తం ఎటు పోతోందో కనిపిస్తుంది" అన్నారొకసారి. ఆ మాట మీద నేను చాలాకాలం బతికాను మేడం.

సప్లిమెంటరీలో రెండుసార్లు రాసి పాసయ్యాను. లెక్కలుండవు కదా అని ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నాను. ఫిజిక్సులో లెక్కలుంటాయన్న సంగతి పుస్తకం కొన్నాక తెలిసింది. మొదటి సంవత్సరం ఫిజిక్సులో 60కి 9 వచ్చాయి. పాసవ్వాలంటే 21 రావాలి. అక్కడితో కాలేజీ మానేశాను. ఎవరూ మాన్పించలేదు. చాలామంది పెళ్ళి చేసి చదువు మాన్పించారని చెబుతుంటారు. నా విషయంలో చదువు నేనే మానేశాను, ఆ తర్వాత పెళ్ళి చేశారు. ఆ రెండింటికీ తేడా ఉంది. మా ఆయన ఆటో నడిపేవాడు, ఇప్పటికీ నడుపుతాడు. ఇవాళ ఇక్కడికి నన్ను తీసుకొచ్చింది కూడా ఆ ఆటోయే.

2003లో మా అమ్మాయి పుట్టింది. కాన్పు పి.హెచ్.సి.లోనే అయింది. రాత్రంతా నా పక్కన ఉన్న ఏ.ఎన్.ఎం.ను అందరూ సిస్టరమ్మా అని పిలిచేవారు. పొద్దున ఆమె బి.పి. చూస్తూ, "ఏం చదువుకున్నావు?" అని అడిగింది. తలొంచుకుని "టెన్త్ పాసు" అన్నాను. "ఏ.ఎన్.ఎం.కి అదే కదా కావాల్సింది, దానికి తలొంచుకుంటావేం?" అంది. అప్పట్లో ఆ కోర్సుకి పదో తరగతి చాలు, 18 నెలలు. ఇప్పుడు అట్లా కాదు, ఇంటర్ ఉండాలి, కోర్సు రెండేళ్ళు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇంట్లో ఒప్పించడానికి మూడేళ్ళు పట్టింది. మా అత్తయ్యకు డబ్బు గురించి బెంగ లేదు. "పరాయి మగాళ్ళ ఒళ్ళు ముట్టుకోవాలి కదే" అనేది. 2006లో చేరాను. పాఠాలు తెలుగులో చెప్పేవారు, పని చేతులతో చేసేది. టీకా 0.5 ఎం.ఎల్., ఐస్ ప్యాకుల పెట్టెలో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, బిడ్డకు ఎడమ తొడా కుడి తొడా ఏది ఎక్కడ వెయ్యాలి, ఇవన్నీ కండెలు చుట్టినంత తేలిగ్గా వచ్చాయి. కోర్సయ్యాక సబ్ సెంటర్‌లో కాంట్రాక్టు మీద రెండో ఏ.ఎన్.ఎం.గా చేరాను. మా అత్తయ్యకు బి.పి. బయటపడింది నేను చూసినప్పుడే. ఆ తర్వాత ఆమె ఒళ్ళు ముట్టుకోవడం గురించి మాట్లాడలేదు.

2012లో జి.ఎన్.ఎం.కి వెళ్ళాను. రిజిస్ట్రేషన్ ఉన్న ఏ.ఎన్.ఎం.కి ఇంటర్ మార్కుల పేచీ లేకుండా అందులో చేరే దారి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. అందరికీ ఉండే 35 ఏళ్ళ వయసు హద్దు కూడా ఏ.ఎన్.ఎం.లకు లేదు. అప్పటికి నాకు 29. క్లాసులో మిగతావాళ్ళకు పదిహేడూ పద్దెనిమిదీ. మొదటి వారం "అక్కా" అన్నారు, రెండో వారానికి "ఆంటీ" అయ్యాను.

పుస్తకాలన్నీ ఇంగ్లీషు. అనాటమీ పుస్తకంలో మొదటి పేజీ చదవడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. ప్రతి మాట మీదా పెన్సిలుతో తెలుగు రాసుకునేదాన్ని. ఎడీమా అంటే నీరు పట్టడం, డిస్‌ప్నియా అంటే ఆయాసం, జాండిస్ అంటే పచ్చకామెర్లు. ఒక ఏడాది గడిచేసరికి నాకో సంగతి తెలిసింది. నేను భయపడ్డ మాటల్లో సగం మా ఊళ్ళో జబ్బు మనుషులు రోజూ చెప్పే మాటలే. ఆ సంగతి ముందే తెలిస్తే మొదటి సంవత్సరం ఇంగ్లీషు, బయాలజికల్ సైన్సెస్ రెండూ తప్పేదాన్ని కాదు. తప్పాను. మళ్ళీ రాశాను. మిగతావి బట్టీ పట్టాను. పేజీ పేజీ పట్టాను. మూడున్నరేళ్ళ తర్వాత మంచి మార్కులతోనే పాసయ్యాను. మా ఆయన లడ్డూలు పంచాడు. అందరూ "మారిపోయావు" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. నిజానికి నేను అప్పటికీ మూడో వరసలో గోడవైపే కూర్చుని ఉన్నాను.

అది బయటపడిన రోజు గురించి చెప్పడానికే అసలు ఇవాళ ఒప్పుకున్నాను. ఇంతవరకూ మా ఇంట్లోవాళ్ళకూ, ఆ ఆసుపత్రివాళ్ళకూ తప్ప ఎవరికీ చెప్పలేదు.

జి.ఎన్.ఎం. అయ్యాక 2016లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరాను. ఆసుపత్రి పేరు అవసరం లేదు, తప్పు నాది. షుగరు ఎక్కువై ఒక పెద్దాయన వార్డులో చేరాడు. డాక్టరుగారు పొద్దున 20 యూనిట్ల ఇన్సులిన్ రాశారు. ఇక్కడ డాక్టర్లు, ఫార్మసిస్టులు ఉన్నారు, వాళ్ళకు నేను చెప్పబోయేది ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు రెండు రకాలు. ఒకదానిలో ఒక ఎం.ఎల్.కి 40 యూనిట్లు, రెండోదానిలో ఒక ఎం.ఎల్.కి 100 యూనిట్లు ఉంటాయి. సిరంజీలూ రెండు రకాలే. ఎర్ర మూతది 40 సీసాకి, నారింజరంగు మూతది 100 సీసాకి. ఏ సీసాకి ఆ సిరంజీ వాడితే, మీద ఎన్ని అంకెలుంటే అన్ని యూనిట్లు. మార్చి వాడితే లెక్క తప్పుతుంది.

ఆ పెద్దాయన కొడుకు మెడికల్ షాపు నుంచి తెచ్చింది 40 సీసా. సిరంజీలు మాత్రం నారింజరంగు మూతవి. పొద్దున డ్యూటీలో నేనే ఉన్నాను. సిరంజీ చేతిలోకి తీసుకోగానే గీతలు వేరేగా ఉన్నాయనిపించింది. చివర 40 ఉండాల్సిన చోట 100 ఉంది. ఏదో తేడా ఉందని లోపల తెలిసింది. పక్కనే సీనియర్ సిస్టర్ ఉంది. "ఇదేంటి సిస్టర్ ఇట్లా ఉంది?" అని అడిగితే అయిపోయేది. అడగలేదు. అడిగితే "ఈ మాత్రం తెలియకుండానే జి.ఎన్.ఎం. చేశావా?" అంటుందేమోనని భయం. 20 అన్న గీత దాకా లాగి ఇచ్చేశాను.

ఆ గీత దాకా వచ్చే మందు 0.2 ఎం.ఎల్. ఎం.ఎల్.కి 40 చొప్పున అది 8 యూనిట్లు. డాక్టరుగారు 20 రాస్తే ఆయనకు వెళ్ళింది 8. సహజంగానే షుగరు దిగలేదు. రెండోరోజూ అంతే. మూడోరోజు డాక్టరుగారు మోతాదు 28కి పెంచారు. నేను 28 గీత దాకా లాగాను, అంటే 11 యూనిట్లు. నాలుగో రోజు నాకు సెలవు. వచ్చిన సిస్టర్ వార్డులో ఉన్న ఎర్ర మూత సిరంజీతో సరిగ్గా 28 ఇచ్చింది. ఆమె చేసిందే సరైన పని. ఆ మనిషికి మాత్రం అది అంతకు ముందురోజు వెళ్ళినదానికి రెండున్నర రెట్లు. పదిన్నరకల్లా చెమటలు పట్టి, మాట తడబడి, పిలిస్తే పలక్కుండా అయ్యాడు. షుగరు 38. వెంటనే 25 శాతం డెక్స్‌ట్రోజ్ ఎక్కించారు. లేచాడు. సాయంత్రం కాఫీ అడిగాడట, పంచదార వేసి ఇవ్వమని.

మర్నాడు డ్యూటీకి వెళ్ళేసరికి, సరిగ్గా ఇచ్చిన ఆ సిస్టర్ మీద విచారణ నడుస్తోంది. ఎక్కువ ఇచ్చావంటున్నారు ఆమెను. ఇరవై రెండేళ్ళ పిల్ల, ఏడుస్తోంది. చెత్తడబ్బాలో నారింజరంగు మూతలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. నేను నోరు మూసుకుని ఉంటే ఆ పిల్ల ఉద్యోగం పోయేది. నేను వెంటనే చెప్పేశానని మీకు చెప్పాలని ఉంది. కానీ వెంటనే చెప్పలేదు. బాత్రూములోకి వెళ్ళి ఓ పావుగంట నిలబడ్డాను. ఆ పావుగంట నాకిప్పటికీ గుర్తుకొస్తుంది. తర్వాత వచ్చి డాక్టరుగారితో, "మూడు రోజులు తక్కువ ఇచ్చింది నేను సార్. సిరంజీ మారింది. నాకు అనుమానం వచ్చింది, అడగలేదు" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక్కి తిప్పి, "ఒక ఎం.ఎల్.లో 40 ఉంటే 0.2 ఎం.ఎల్.లో ఎంత సిస్టర్?" అన్నారు. నాకు రాలేదు. ఆయన ముందు, ఆ పిల్ల ముందు, ముప్ఫై మూడేళ్ళ వయసులో, నాకు రాలేదు. 1998 డిసెంబరులో ఈ అరుగు మీద దాచుకున్నదంతా ఆ కాగితం మీద బయటపడింది. మార్కులు తక్కువ రావడం వల్ల నాకు జరిగిన నష్టం చిన్నది. తెలియదని చెప్పకుండా దాచుకోవడం నేర్చుకున్నాను చూడండి, ఆ నష్టం ఇంకొకరి ప్రాణం మీదికి వచ్చింది.

నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. ఒక నెల ఇంజెక్షన్లు ఇవ్వనివ్వలేదు, అది న్యాయమే. ఆ నెల రోజులూ మా అమ్మాయి ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. నిష్పత్తులు, శాతాలు. అమ్మాయే చెప్పేది. "అమ్మా, ఒకటికి ఎంతో ముందు కనుక్కో, తర్వాత గుణించు" అనేది. ఒకటికి ఎంతో కనుక్కోవడం. ఒక కండెకు ఎంత పేక అని నేను పదేళ్ళప్పుడే చేసిన పని అది. పుస్తకం మూసి చాలాసేపు ఏడ్చాను. దేనికని అమ్మాయి అడిగితే ఏమీ లేదన్నాను. అప్పటికీ దాచుకునే అలవాటు పూర్తిగా పోలేదు.

పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగ్ చేద్దామన్న ఆలోచన అక్కడ పుట్టింది. జి.ఎన్.ఎం. చేసి రిజిస్టరైన నర్సులకు అది రెండేళ్ళ డిగ్రీ. జీతం కోసమా అని చాలామంది అడిగారు. జీతం కూడా కావాలి, ఆటో మీద ఇద్దరం ఎన్నాళ్ళు బతుకుతాం? కానీ అసలు సంగతి, బట్టీ పట్టి దాటేసిన చదువును ఈసారి అర్థం చేసుకుని చదవాలనిపించింది. డ్వాక్రా అప్పు తీసుకుని, రెండు గాజులు తాకట్టు పెట్టి 2019లో చేరాను. నాకు 36.

మొదటి రోజు క్లాసు చెప్పిన మేడం నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. గంటసేపు బయోకెమిస్ట్రీ చెప్పి "అర్థమైందా?" అన్నారు. క్లాసంతా "అర్థమైంది మేడం" అంది. నేను చెయ్యెత్తాను. చెయ్యి వణుకుతోంది. "నాకు తెలియలేదు మేడం" అన్నాను. మొత్తం క్లాసు వెనక్కి తిరిగి చూసింది. ఆవిడ "ఎక్కడి నుంచి తెలియలేదు?" అని అడిగారు. "మొదటి నుంచీ" అన్నాను. నవ్వారు. మళ్ళీ మొదలుపెట్టారు. రెండోసారి చెప్పేటప్పుడు చూస్తే, నోటు పుస్తకాలు తెరిచి రాసుకుంటున్నవాళ్ళు నేనొక్కదాన్నే కాదు.

చెయ్యెత్తినంత మాత్రాన అద్భుతాలు జరగలేదు. మొదటి సంవత్సరం బయోకెమిస్ట్రీ పేపరు తప్పాను. అక్కడ పాసు కావాలంటే సగానికి సగం రావాలి. కాకపోతే ఈసారి ఫలితాలు వచ్చిన రోజే మేడం దగ్గరికి వెళ్ళి, ఏ ప్రశ్నకు ఏం రాశానో చెప్పి, ఎక్కడ పోయిందో అడిగాను. పదో తరగతిలో అది చేసి ఉంటే... సరే, వదిలేద్దాం.

మధ్యలో కరోనా. 2020 మార్చి లాక్‌డౌన్‌తో కాలేజీ మూసేశారు. ఇంట్లో ఉన్నది ఒకటే మంచి ఫోను. మా అమ్మాయి ఇంటర్ ఎం.పి.సి. రెండో సంవత్సరం క్లాసులూ, నా క్లాసులూ అందులోనే. పొద్దున అమ్మాయి, మధ్యాహ్నం నేను. రాత్రిళ్ళు పాత ఆసుపత్రివాళ్ళు మనుషులు లేక పిలిస్తే పి.పి.ఈ. కిట్టు వేసుకుని డ్యూటీ చేశాను. ఆ రోజుల గురించి ఇక్కడున్న చాలామందికి నాకంటే ఎక్కువ తెలుసు, ఇంట్లో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళున్నారు, నేను ఎక్కువ మాట్లాడను. 2021లో అమ్మాయికి ఇంటర్ పరీక్షలే రద్దయ్యాయి. నాకు మాత్రం రద్దు కాలేదు, ఆలస్యమయ్యాయంతే. "అమ్మా, నీ అదృష్టం ఎప్పుడూ ఇంతేనే" అంది.

రెండో సంవత్సరంలో నర్సింగ్ రీసెర్చ్, స్టాటిస్టిక్స్ ఉంటాయి. సగటు దాకా బాగానే ఉంది, స్టాండర్డ్ డీవియేషన్ దగ్గర ఆగిపోయాను. మా అమ్మాయికి అదే పాఠం ఉంది. ఒకరాత్రి నాకు ఇట్లా చెప్పింది: "వార్డులో ఇద్దరు పేషెంట్లమ్మా. ఇద్దరి షుగరూ 140. సగటు ఎంత?" 140 అన్నాను. "పక్క వార్డులో ఇద్దరు. ఒకరిది 40, ఒకరిది 240. సగటు ఎంత?" అదీ 140. "రెండు వార్డులూ ఒకటేనా?" నాకు ఒళ్ళు జలదరించింది. 40 అంటే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, చెమటలు పట్టి మాట పడిపోయిన మనిషి కళ్ళ ముందు కదిలాడు. "సగటు దాచేసినదాన్ని బయటపెట్టేదే అది" అంది అమ్మాయి. ఆ ప్రశ్న పరీక్షలో వచ్చింది. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాశాను. 2022లో డిగ్రీ చేతికొచ్చింది, ఫస్టు క్లాసు. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తున్నాను.

మార్కులు ముఖ్యం కాదని నేను చెప్పను. ఆ మాట మార్కులు వచ్చినవాళ్ళు చెబితేనే బాగుంటుంది. నాలుగేళ్ళ బి.ఎస్సీ. నర్సింగ్‌కి ఇంటర్‌లో ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు ఉండాలి, ఆ సైన్సుల్లో 45 శాతం రావాలి. ఆ తలుపు నాకు పద్దెనిమిదేళ్ళకే మూసుకుపోయింది. నేను ఒక డిగ్రీ కోసం మూడు కోర్సులు చేసి, పదహారేళ్ళు తిరిగాను. మార్కులు ఉన్న పిల్ల నాలుగేళ్ళలో అక్కడికి చేరుతుంది. తిరుగుదారి గొప్పదని ఎవరూ అనుకోకండి, దారి ఉందని మాత్రం తెలియాలి. ఏ.ఎన్.ఎం.కి ఇప్పుడు ఇంటర్ కావాలన్నాను కదా. ఇంటర్ ఒకేషనల్‌లోనే మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు ఉంది. బడి మానేసినవాళ్ళకు ఓపెన్ స్కూలు ఉంది, అందులో సైన్సు సబ్జెక్టులు, ఇంగ్లీషు తీసుకుని పాసైనవాళ్ళకు నర్సింగులో చేరే అర్హత కౌన్సిల్ నిబంధనల్లో ఉంది. ప్రవేశాల పద్ధతి ఏటా మారుతుంటుంది, కాబట్టి ఎవరో చెప్పింది విని డబ్బు కట్టకండి. ఆ ఏడాది నోటిఫికేషన్ చదవండి, చేరబోయే కాలేజీకి కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూడండి.

మా వార్డుకి ఇప్పుడు నర్సింగు విద్యార్థినులు వస్తుంటారు. మొదటి రోజు నేను వాళ్ళకొక లెక్క ఇస్తాను. మీకూ ఇస్తాను, తొమ్మిదో తరగతి పిల్లలు చేయండి. 500 ఎం.ఎల్. సెలైను 8 గంటల్లో ఎక్కాలి. సెట్టులో ఒక ఎం.ఎల్.కి 20 చుక్కలు పడతాయి. నిమిషానికి ఎన్ని చుక్కలు పెట్టాలి?

(ఇక్కడ కొంతసేపు ఆగారు. వేపచెట్టు కింద నుంచి ఒక అమ్మాయి "21" అంది.)

21! చూశారా, నిమిషం పట్టలేదు. 500ని 20తో గుణిస్తే 10,000 చుక్కలు, 8 గంటలంటే 480 నిమిషాలు, భాగిస్తే 20 మీద కొంచెం, 21 పెడతాం. చాలా బాగుందమ్మా. నేను మాత్రం ఇప్పుడు చెప్పనివాళ్ళ కోసం చూస్తున్నాను. మా వార్డులో కూడా అంతే. ముందు చెప్పినవాళ్ళను మెచ్చుకుని పంపేస్తాను. రానివాళ్ళను పక్కకు పిలిచి, నా నారింజరంగు మూతల కథ చెప్పి, కాగితం ఇస్తాను. ఒక పిల్ల మొన్న, "సిస్టర్, మీరు చెప్పకపోతే నేనూ అడిగేదాన్ని కాదు" అంది.

గురువులకు ఒక మనవి, సంఘానికి ఒక మనవి. గురువులకు నేను చెప్పగలిగేదాన్ని కాదు, కానీ నా అనుభవం ఇది. "అర్థమైందా?" అని అడిగితే అవుననే అంటాం. మా మేడం అడిగినట్టు "ఎక్కడి నుంచి తెలియలేదు?" అని అడిగితే, తెలియకపోవడం తప్పు కాదన్నట్టు వినిపిస్తుంది.

సంఘం ఏటా పదో తరగతిలో మొదటి ముగ్గురికి బహుమతులు ఇస్తోంది. ఇవ్వండి, వాళ్ళు కష్టపడ్డారు. దాంతో పాటు, ఫలితాలు వచ్చిన మర్నాడు తప్పినవాళ్ళ జాబితా కూడా హెడ్మాస్టరుగారు మాకు ఇప్పించాలి. బోర్డు మీద పెట్టడానికి కాదు, ఇళ్ళకు వెళ్ళడానికి. సప్లిమెంటరీ ఫీజు గడువు కొద్ది రోజులే ఉంటుంది, ఆ డబ్బు సంఘం కట్టాలి. ముందు ఆడపిల్లల ఇళ్ళకు వెళ్ళాలి, ఎందుకంటే సంబంధాలు చూడటం ఆ వేసవిలోనే మొదలవుతుంది. సప్లిమెంటరీ దాకా రోజూ సాయంత్రం ఇక్కడ ఒక గదిలో లెక్కలు, ఇంగ్లీషు చెప్పేవాళ్ళు కావాలి. మా బ్యాచ్ నుంచి ఐదుగురం పేర్లిచ్చాం. 1998లో నాతో పాటు ఈ అరుగు ఎక్కినవాళ్ళలో ఇద్దరు అందులో ఉన్నారు. లెక్కలు నేనే చెబుతానన్నాను, మా ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

ఇంకెవరైనా పేరు ఇచ్చేట్టయితే భోజనాల దగ్గర నన్ను కలవండి. నాలుగింటికల్లా బయలుదేరాలి, ఈ రాత్రి డ్యూటీ ఉంది.